వైర్‌లెస్ వదిన

మొన్న రాయపూర్ స్టేషన్లో బండికోసం కూర్చున్నాం, నేనూ మా ఆవిడా. పక్కనుంచి నడిచి వెళ్తున్న పోలీసాయన చేతిలో వైర్‌లెస్ సెట్టు ఒక్కసారి 'ఖర్ర్' మని అరిచి ఊరుకుంది. అవతలి మనిషి మాట ముగించి మీట వదిలితే వచ్చే చప్పుడది. "రొద తగ్గించే బొత్తాం తిప్పుకోడం కూడా రాదు మహానుభావుడికి," అన్నాను, నాకు తెలియకుండానే.

మా ఆవిడ నవ్వింది. "అచ్చం వదిన అన్నట్టే అన్నారు."

వదిన పోయి ఏడాది దాటింది. ఇప్పటికీ మా ఇంట్లో ఎవరైనా ఏదైనా సామాను విప్పితే నోటికి ఆవిడ మాటలే వస్తాయి. వదిన గురించి రాయమని మా ఆవిడ ఆ బెంచీమీదే అంది. నేను చెబుతున్నాను, తను రాస్తోంది. నాకు చూపు లేదు. వదినను నేనెప్పుడూ చూడలేదు. నాకు తెలిసిన వదిన ఒక గొంతు, రెండు గరుకు చేతులు, సీసం కాలిన వాసన, మట్టిగాజుల చప్పుడు.

రాయపూర్ తెలుగువాళ్ళందరికీ ఆవిడ వైర్‌లెస్ వదినే. తాతల కాలంలో శ్రీకాకుళం వైపునుంచి రైల్వే పనికి వచ్చిన కుటుంబం. భర్త గూడ్సు బండి గార్డు. నేను అన్నయ్య అనేవాణ్ని. ఇల్లు ఊరి చివర మోవాలో. లారీ కంపెనీలు, గనులు, అడవుల్లో పనిచేసేవాళ్ళు వాడి పక్కన పడేసిన వైర్‌లెస్ సెట్లు పాతసామాన్లు కొనే కబాడీవాళ్ళ దగ్గరకి తూకానికి వస్తాయి కదా, వదిన వాటిని ఏరి తెచ్చుకునేది. విప్పి, చచ్చిన ముక్కలు మార్చి, అవి పలికే జాగాని, అంటే ఫ్రీక్వెన్సీని, కొంచెం పక్కకి జరిపి, హామ్ రేడియోవాళ్ళకి పనికొచ్చేలా చేసేది. హామ్ రేడియో అంటే మరేం లేదు, సర్కారు పెట్టిన పరీక్ష రాసి, లైసెన్సు తీసుకుని, ఇంట్లోంచి గాలిలో తోటివాళ్ళతో మాట్లాడుకునే సరదా. ఆ సరదా ఉన్నవాళ్ళు మా రాయపూర్‌లోనూ భిలాయిలోనూ ఓ గుప్పెడు మంది ఉండేవారు. వాళ్ళలో ఆడమనిషి వదినొక్కతే.

ఈ విద్య ఎలా వచ్చిందని అడిగితే ఒక్కొక్కరికి ఒక్కో కథ చెప్పేది. నాతో, మిలిటరీలో పనిచేసిన మేనమామ నేర్పాడంది. మా ఆవిడతో, పెళ్ళైన కొత్తలో మొగుడిమీద కోపమొచ్చి ఆయన రేడియో విప్పి పారేశాననీ, ఆయన వచ్చేలోగా మళ్ళీ బిగించక తప్పలేదనీ చెప్పింది. రెండూ నిజమే కావచ్చు.

నేను వ్యాగన్లు బాగుచేసే కార్ఖానాలో డ్రాఫ్ట్స్‌మన్‌ని. గీత గీయడమే నా బతుకు. నీటికాసులు వచ్చి చూపు అంచులనుంచి తినేసుకుంటూ వచ్చింది. కార్ఖానావాళ్ళు ఉద్యోగం తీసేయలేదు, టెలిఫోను దగ్గర కూర్చోబెట్టారు. పొద్దున్నంతా ఫోనులో "ఎవరు కావాలండీ" అనడం, సాయంత్రం తెలీబంధాలో మా అద్దె ఇంటికి వచ్చి కుర్చీలో కూర్చోవడం. ఎవరితోనూ మాట్లాడేవాణ్ని కాదు. మా ఆవిడ పక్కింట్లో కూర్చుని ఏడ్చి వచ్చేదని తర్వాత తెలిసింది.

అలాంటి ఒక సాయంత్రం గుమ్మంలో మట్టిగాజుల చప్పుడైంది.

"ఏటి బాబూ, అలగ గోడకేసి సూత్తన్నావు?"

ఒళ్ళు మండిపోయింది నాకు. "నాకు కనపడదండీ," అన్నాను.

"తెల్సు. కనపడనప్పుడు గోడకేసి కూకుంటే ఏటి, గుమ్మంకేసి కూకుంటే ఏటి? ఇటు తిరిగి కూకో. గాలైనా తగులుతాది."

నా కుర్చీని నాతో సహా ఇటు తిప్పేసింది. ఒళ్ళో బరువైనదేదో పెట్టింది. ఇనప డబ్బా, ఒక పక్కన మెలికలు తిరిగిన తీగ, తీగ చివర అరచేతిలో ఇమిడే మైకు.

"పాటలు వినడానికి మా ఇంట్లో రేడియో ఉంది," అన్నాను.

"దీన్లో పాటలు రావు. మాటాడాలి. మాటాడ్డం మానేసినావంట, మీ ఆవిడ సెప్పింది."

"ఈ జాలి నాకొద్దు. తీసుకెళ్ళిపోండి."

ఇలా అంటే మామూలుగా వచ్చినవాళ్ళు అబ్బే జాలి కాదండీ అంటారు. వదిన అనలేదు. "జాలే," అంది. "జాలి పడితే తప్పేటి? జాలి పడి ఒట్టి సేతుల్తో వస్తే తప్పుగాని. డబ్బా తెచ్చినాను కదా." మా ఆవిణ్ణి కేకేసి టీ అడిగింది. టీ తాగినంతసేపూ ఆ డబ్బా నా ఒళ్ళోనే ఉంది. వెళ్తూ వెళ్తూ, "అది పని సెయ్యదు. బాగుసెయ్యాల. ఆదివారం మోవా తీసుకురా," అని చెప్పి పోయింది.

ఆదివారం వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. కాస్త కోపం, కాస్త కుతూహలం.

వెనక వసారాలో ఆవిడ కార్ఖానా. సెట్టు విప్పగానే వదిన చేసే మొదటి పని దాని మైకు వాసన చూడటం. "బీడీ," అనేది. లేకపోతే, "వీడు కిళ్ళీ నవుల్తూ మాటాడేవోడు." ఒకసారి ఒక సెట్టు మూత తీసి, లోపల వేలు పెట్టి రాసి, ఆ వేలు నా ముక్కు దగ్గర పెట్టింది. సన్నటి మట్టి, దాంట్లో ఏదో చెట్టు బంక వాసన. "సాలచెట్ల అడివిలో ఉన్నాది ఇది. సెదలు గూడు కట్టుకున్నాయి. పాపం, ఎవుడో ఒక్కడే కూకుని దీంతో మాటాడుంటాడు." సెట్టు అంతకుముందు ఎవరి చేతిలో ఉందో కాస్త తెలిస్తేగాని వదిన చేతికి పని సాగేది కాదు.

విప్పిన మరలు ఇడ్లీ రేకుల్లో వేసేది. పై మూత మరలు ఒక గుంటలో, అడుగు మూతవి ఇంకో గుంటలో. సెట్టు తిరిగి బిగించేదాకా ఆ ఇంట్లో ఇడ్లీ లేదు. అన్నయ్య డ్యూటీ నుంచి వచ్చి వంటింట్లోంచి, "ఈయేళ ఇడ్లీ అవుద్దా, లేదా?" అని అడిగేవాడు. ఆయన నోట నేను ఎక్కువసార్లు విన్న మాట అదే. ఆయన మాటలు తక్కువ మనిషి. వచ్చి టీ పెట్టి, అందరికీ ఇచ్చి, ఎక్కడ కూర్చునేవాడో తెలిసేది కాదు.

మసిబారిన ఇత్తడి బిళ్ళల్ని చింతపండుతో తోమేది. మేడమీద ఏరియల్ గొడుగు కమ్మీలతో కట్టేది. మాకు కావాల్సిన పొడవుకి గొడుగు కమ్మీ దాదాపు సరిపోతుంది. రాయపూర్‌లో వానాకాలం వెళ్ళగానే తెలుగు ఇళ్ళన్నిట్లోనూ విరిగిన గొడుగులు వదినకోసం దాచేవారు.

ఇన్ని మొరటు పనులు చేసే మనిషి, మైకు చేతిలోకి తీసుకుంటే చాలు, మారిపోయేది. గొంతు మెత్తబడి, హిందీ పూలదండలా వచ్చేది, మీ గొంతు ఎంతో స్పష్టంగా వినిపిస్తోందండీ అని. "జీ, బిల్కుల్ సాఫ్ ఆవాజ్ ఆ రహీ హై ఆప్‌కీ." హామ్‌వాళ్ళలో ఆడవాళ్ళని, ఎంత వయసున్నా సరే, యంగ్ లేడీ అనే పిలవాలని ఆచారం. నాగపూర్ నుంచో జబల్‌పూర్ నుంచో ఎవరైనా అలా పిలిస్తే వదిన మీట వదిలి, మాకు మాత్రమే వినపడేలా, "యిన్నారా?" అని మురిసిపోయేది. మీట మళ్ళీ నొక్కగానే పూలదండ.

నా చేత సోల్డరింగ్, అంటే సీసం కరిగించి ముక్కలు అతికే పని, చేయించాలని పట్టుపట్టింది వదిన. కాలే ఇనపపుల్ల కుడిచేతిలో, సీసపు తీగ ఎడంచేతిలో, అతకాల్సిన చోటు ఎక్కడుందో వేలితో వెతకాలి. రెండో ఆదివారం వేలు పుల్లకి తగిలింది. చర్మం అంటుకుపోయింది.

ఇంటికి వెళ్ళాక మా ఆవిడ నా వేలికి తడిగుడ్డ చుట్టింది. మర్నాడు వదిన వస్తే విరుచుకుపడింది. అంతవరకు ఎవరిమీదా గొంతు పెంచని మనిషి.

"కళ్ళు ఎలాగూ పోయాయి. ఇంక ఆ వేళ్ళే ఆయనకి మిగిలాయి వదినా. అవీ కాల్చేస్తావా? నీ ఆటకి మా ఆయనే దొరికాడా?"

వదిన ఏదో ఒకటి అంటుందనుకున్నాను. గాజుల చప్పుడు గుమ్మం దాటి వీధిలోకి వెళ్ళిపోయింది.

తర్వాత రాలేదు. ఒక ఆదివారం వెళ్ళిపోయింది, ఇంకోటి వెళ్ళింది. నేను మళ్ళీ కుర్చీలో కూర్చున్నాను, కాకపోతే గుమ్మంకేసి. ఆ డబ్బా ఇంట్లోనే ఉంది, సగం విప్పి. మా ఆవిడ దాన్ని తీసి ఎక్కడా పెట్టలేదు. దుమ్ము తుడిచి మళ్ళీ అక్కడే పెట్టేది.

వానలు మొదలయ్యాక వచ్చింది వదిన. వస్తూనే మా ఆవిణ్ణి పిలిచి, "సెల్లీ, నువ్వే సూసి సెప్పు, బాగుంటే ఉంచు, లేదంటే పట్టుకెళ్ళిపోతాను," అంది. బట్టలు ఆరేసే చెక్క క్లిప్పులతో చేసిన పట్టకర్ర ఒకటి. అతకాల్సిన ముక్కని అది కదలకుండా పట్టుకుంటుంది, దాని అంచుమీద వేలు పెట్టుకుంటే కాలే పుల్ల ఎక్కడికి రావాలో తెలుస్తుంది, వేలు దాకా రాదు. పుల్లకి ఇత్తడి గొట్టంతో ఒక ఒర కూడా చేసింది, ఎప్పుడూ పెట్టిన చోటే ఉండేలా.

మా ఆవిడ దాన్ని చేతిలోకి తీసుకోబోయి ఆగిపోయింది. "వదినా, ఏంటీ చేతులు?"

"ఏటీ లేదు."

"వేళ్ళన్నీ బొబ్బలు!"

"కళ్ళకి తువ్వాలు కట్టుకుని సేసి సూసినాను. సూడకుండా మరెలగ తెలుస్తాది?" అంది వదిన, చిరాగ్గా.

మా ఆవిడ లోపలికి వెళ్ళింది. మందు తెచ్చి వదిన వేళ్ళకి రాస్తూ కూర్చుంది. తర్వాత మా ఆవిడే, "ఉప్మా తింటావా?" అంది. ఆ మాటతో తగువు తీరిపోయింది. నా వేలు మళ్ళీ కాలలేదు.

ఆ డబ్బా పలికే రోజు వచ్చింది. మాట్లాడుతున్నప్పుడు వెలగాల్సిన ఎర్రదీపం పీకేసి, దాని బదులు తేనెటీగలా సన్నగా కూసే బిళ్ళ పెట్టింది వదిన. ఛానళ్ళు మార్చే బొత్తాం మీద చొక్కా గుండీ ఒకటి అతికించింది, అది ఎటు తిరిగి ఉందో తడిమితే తెలుస్తుంది. అంతా అయ్యాక మైకు మాత్రం తీసేసి కొంగున ముడేసుకుంది.

"మైకు?" అన్నాను.

"లైసెన్సు తెచ్చుకో, ఇస్తాను."

ఎంత బతిమాలినా ఇవ్వలేదు. లైసెన్సు లేనివాడు మీట నొక్కితే ఆవిడకి నిద్రపట్టదట.

పరీక్ష అంటే రెండు గండాలు. ఒకటి తంతివాళ్ళ కట్టు కటకట చప్పుళ్ళ మోర్స్ భాష విని రాయడం. రెండోది సర్క్యూట్ల పరీక్ష, బొమ్మ గీయాలి. మొదటిది వదిన స్టీలు గ్లాసుమీద చెంచాతో నేర్పింది. "లెక్కెట్టకు. పిలుపులాగ విను. మీ ఆవిడ నిన్ను పిలిస్తే అచ్చరాలు లెక్కెడతావేటి?" ఆ చప్పుళ్ళన్నీ వింటూ మా ఆవిడకి అడక్కుండానే వచ్చేసింది. నేను తడుముకుంటుంటే వంటింట్లోంచి, "అది క్యూ కదూ," అనేది.

రెండోదానికి చెక్క తెచ్చింది. చెక్కమీద మేకులు, మేకులకి చుట్టిన తీగలు. రేడియో బొమ్మ మొత్తం తీగతో గీసి పెట్టింది. కాయిల్ బదులు తీగచుట్ట, కెపాసిటర్‌కి ఎదురెదురుగా రెండు రేకుముక్కలు. "సూడు," అని నా చెయ్యి పట్టుకుని ఏరియల్ దగ్గర పెట్టింది. నేను వేలితో నడుచుకుంటూ వెళ్ళాను. ఎక్కడ మలుపు తిరిగింది, ఎక్కడ రెండు దారులు కలిశాయి. చివర స్పీకరు దగ్గరికి వచ్చేసరికి నా తలలో బొమ్మ మొత్తం తెల్లకాగితంమీద నల్లగీతల్లో నిలబడి ఉంది. చూపు పోయాక నేను ఒక బొమ్మని అంత స్పష్టంగా చూడటం అదే మొదలు. వదినకి చెప్పలేదు. మళ్ళీ ఏరియల్ దగ్గర వేలు పెట్టాను. ఆవిడ మాత్రం, "ఏటి, అర్థం కాలేదా?" అని కసురుకుంది.

పరీక్ష వేరే ఊళ్ళో. వదిన నాతో వచ్చింది. అక్కడి ఆఫీసరు గొంతుని బట్టి చిన్నవాడే. చూపులేని మనిషి పరీక్షకి రావడం ఆయనకి కొత్త. "బొమ్మ ఎలా గీస్తారు? దానికి మినహాయింపు ఇచ్చే అధికారం నాకు లేదు," అన్నాడు హిందీలో, ఇబ్బందిగా.

మినహాయింపు వద్దన్నాను. ఈ చట్రం వాడుకోనిస్తే చాలన్నాను. వదిన అట్టతో చట్రం చేసి, దానికి అడ్డంగా నిలువుగా దారాలు కట్టి ఇచ్చింది. కాగితం దాని కింద పెట్టుకుంటే ఏ గడిలో ఉన్నానో వేలికి తెలుస్తుంది. ఆఫీసరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పైవాళ్ళని అడిగి వస్తానని వెళ్ళాడు. గుమ్మం దగ్గర వదిన ఊపిరి వినపడుతోంది. ఆయన వచ్చి, "సరే. ఆవిడ మాత్రం బయటికి వెళ్ళాలి," అన్నాడు.

రేడియో రిసీవరు బొమ్మ గీయమని ప్రశ్న. పెన్సిల్ పట్టుకున్నాను. మొదటి గడి వేలితో వెతుక్కున్నాను. ఏరియల్ గీశాను. అక్కడినుంచి చేతికి దారి తెలుసు. గళ్ళు, గీతలు, బాణాలు, కింద పేర్లు. మా డ్రాయింగ్ ఆఫీసులో నేర్పిన నిలువు అక్షరాల్లో రాశాను. ఎంతసేపు పట్టిందో తెలీదు. పూర్తయ్యాక ఆఫీసరు కాగితం తీసుకున్నాడు.

"ఆప్ పెహలే క్యా కామ్ కర్‌తే థే?" అన్నాడు. ఇంతకుముందు ఏం పని చేసేవారని.

"డ్రాఫ్ట్స్‌మన్‌ని సార్."

"ఇప్పుడు కూడా మీరదే," అన్నాడు, అదీ హిందీలోనే.

బయటికి వచ్చి వదినకి ఈ మాట చెప్పాను. ఆవిడ ముక్కు చీదుకుంది. "పద పద, బండి పోతాది," అంది.

లైసెన్సు వచ్చిన రోజు పొద్దున్నే వదిన మా ఇంటికి వచ్చి, కొంగుముడి విప్పి మైకు ఇచ్చింది. ఉప్మా తింది. సాయంత్రం ఇన్ని గంటలకి పిలవమని చెప్పి మోవా వెళ్ళిపోయింది.

సాయంత్రం మీట నొక్కాను. తేనెటీగ కూసింది. లైసెన్సులో ఇచ్చిన నా పిలుపు అక్షరాలు చెప్పి, ఎవరైనా వింటున్నారా అని అడిగి, వదిలాను. రొద. ఆ రొదలోంచి పూలదండ గొంతు లేచి వచ్చింది.

"నమస్కార్. ఆప్‌కా శుభ్ నామ్?"

తెల్లబోయాను. పొద్దున్న మా ఇంట్లో ఉప్మా తిన్న మనిషి నా పేరు అడుగుతోంది. చెప్పాను.

"ఎక్కడినుంచి మాట్లాడుతున్నారు?" అంది, హిందీలోనే.

"తెలీబంధా నుంచి."

"అచ్ఛా! చెరువు పక్కనా? చాలా అందమైన చోటు. మీ గొంతు చాలా బాగా వినిపిస్తోంది. మిమ్మల్ని కలుసుకోవడం నాకెంతో సంతోషం."

గుమ్మంలో మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వడం నాకు వినపడుతోంది. నేను కూడా, ఎంతో మర్యాదగా, నాకూ సంతోషమే అన్నాను. భిలాయి నుంచి ఇంకొకాయన వచ్చి పలకరించాడు. ఆయనకి నాకు చూపు లేదని తెలీదు. నేను చెప్పలేదు. వానల గురించి మాట్లాడుకున్నాం.

మర్నాడు వదినని నిలదీశాను, అలా పరాయిదానిలా మాట్లాడిందేమని.

"కొత్తోళ్ళని పేరడగాల కాదేటి," అంది వదిన. "నిన్న నువ్వు కొత్తోడివి బాబూ."

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆదివారాలు మోవాలోనే గడిచాయి. సెట్లలో తీగచుట్టల మధ్య ఉండే మరని తిప్పి సరిచేసే పని నాకు అప్పగించింది. ఇనప స్క్రూడ్రైవరు పెడితే చుట్ట బెదురుతుంది. అందుకని వెదురుపుల్లలు సన్నగా చెక్కి ఇచ్చేది. నేను తిప్పుతూ వినేవాణ్ని. రొద వెనక్కి తగ్గి, మాట ముందుకు వచ్చే చోటు ఒకటి ఉంటుంది, అక్కడ ఆపాలి. వదిన మీటరు చూసి, "అక్కడే," అనేది. చాలాసార్లు నేను ఆపాకే అనేది. ఒక్కోసారి, "ఇంకొంచెం తిప్పితే నీ సొమ్మేం పోదు," అనేది. ఇద్దరం వాదించుకునేవాళ్ళం. టీ వచ్చేది. అన్నయ్య ఇడ్లీ గురించి అడిగేవాడు. అలా ఉండేది.

పోయినేడు చలికాలంలో గుండె జబ్బుతో పోయింది, ఎక్కువ బాధ పడకుండా. పదకొండో రోజున మోవా ఇంటికి చాలామంది వచ్చారు. నాగపూర్, బిలాస్‌పూర్, భిలాయి నుంచి. గాలిలో ఏళ్ళ తరబడి మాట్లాడుకుని, ఒకరి ముఖం ఒకరు ఎరగనివాళ్ళు. పెరట్లో ఎవరో "నమస్కార్" అంటే, ఆ గొంతు పట్టుకుని ఇంకెవరో, "అరే, మీరా!" అని దగ్గరికి వచ్చేవారు. ఆ పూట అక్కడందరూ నాలాగే మనుషుల్ని గుర్తుపట్టారు. వసారాలో మిగిలిన సెట్లు తలా ఒకటి పట్టుకెళ్ళమన్నాడు అన్నయ్య. పట్టుకెళ్ళారు. భోజనాలయ్యాయి, ఇల్లు ఖాళీ అయింది. మా ఆవిడ లోపల గిన్నెలు సర్దుతోంది. వసారాలో నేనూ అన్నయ్యా మిగిలాం.

ఇన్నేళ్ళలో నేను ఎవర్నీ అడగని మాట ఒకటి ఉంది. ఆ పూట అడిగాను.

"అన్నయ్యా, వదిన ఎలా ఉండేది?"

మా ఆవిణ్ణి అడిగితే ఎప్పుడో చెప్పేది. ఎందుకో అడగలేదు. అన్నయ్య కుర్చీ కిర్రుమంది.

"పొట్టి," అన్నాడు. "చామనచాయ. ముక్కుకి రెండేపులా పుడకలు." ఆయన నోట అన్ని మాటలు వరసగా నేను వినడం అదే మొదలు. "చెవులకి ఆ డిప్పలు పెట్టుకుని వింటన్నప్పుడు నోరు తెరుచుకునుండేది బాబూ. బొమ్మలాట చూస్తన్న చిన్నపిల్లలాగ. ఎవరైనా చూస్తన్నారని తెలిస్తే టక్కున మూసీసేది. అందుకే డ్యూటీనుంచి వచ్చినా పిలిచేవోణ్ని కాదు. బూట్లు బయటే విప్పీసి, ఆ గుమ్మం దగ్గిర నిలబడి చూసేవోణ్ని. ఆవిడంతట ఆవిడ ఇటు తిరిగేదాకా."

"ఎంతసేపు?" అన్నాను.

"ఏమో," అన్నాడు అన్నయ్య. "నాకెప్పుడూ తొందర లేదు."